పసివాళ్ల డాక్టరు జవాబులు: ముక్కులో నూనె, గుప్పిట్లో తాళాలు, మెడలో గొలుసు

పిల్లలకు ఒంట్లో బాగోలేనప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు చేసే వింత వైద్యాల గురించి రాయమని కిందటి సంచికలో అడిగాను. కోడళ్లు రాశారు, అత్తలు రాశారు, ఒక ఆశా కార్యకర్త కూడా రాశారు. వీలైనన్నిటికి జవాబిస్తున్నాను. ఈ వైద్యాలు చేసినవాళ్లెవరూ బిడ్డ మీద ప్రేమ లేక చెయ్యలేదు. డాక్టరు అందుబాటులో లేని రోజుల్లో చేతికి దొరికినదాంతో పిల్లల్ని కాపాడుకోవాలని చూశారు. వాళ్లని తిట్టిపోయడం నాకిష్టం లేదు. అలాగని హాని చేసేదాన్ని చూస్తూ ఊరుకోలేను.

ప్రశ్న: మా బాబుకి రెండో నెల. రోజూ నీళ్లు పోశాక మా అత్తగారు ముక్కులో, చెవుల్లో కొబ్బరినూనె చుక్కలు వేసి గట్టిగా ఊదుతారు. వసకొమ్ము అరగదీసి తేనెతో నాకిస్తారు. బొడ్డు చుట్టూ ఇంగువ రాస్తారు, సాంబ్రాణి పొగ పడతారు. ఏమైనా అంటే "మీ ఆయన్ని ఇలాగే పెంచాను" అంటారు. ఏది మాన్పించాలి, ఏది ఊరుకోవచ్చు?
– ఒక తల్లి, నిడదవోలు

జవాబు: తల్లీ, ముందు ముక్కులో నూనె మాన్పించండి. ఈ రోజే. మిగతావి తర్వాత.

నీళ్లు పొరపాటున ఊపిరిగొట్టంలోకి పోతే పిల్లవాడు ఉక్కిరిబిక్కిరై దగ్గుతాడు. ఆ దగ్గే వాడికి రక్షణ. నూనెకి ఆ దగ్గు సరిగ్గా రాదు. చప్పుడు లేకుండా జారి ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. దాన్ని అరిగించుకునే శక్తి ఊపిరితిత్తులకు లేదు, అక్కడే ఉండిపోయి చుట్టూ వాపు తెస్తుంది. దీన్ని లిపాయిడ్ న్యుమోనియా అంటాం. క్రిములతో వచ్చింది కాదు కాబట్టి యాంటీబయాటిక్స్‌కి లొంగదు. వారాల తరబడి ఆయాసం, దగ్గు, బరువు పెరగకపోవడం. "బిడ్డకు ఏమైనా వేశారా?" అని అడిగితే ఇంట్లోవాళ్లు "ఏమీ వెయ్యలేదండీ" అంటారు. అబద్ధం చెప్పడం కాదు. వాళ్ల దృష్టిలో నూనె మందు కాదు, స్నానంలో ఒక భాగం. అందుకే నేను "నీళ్లు ఎలా పోస్తారో మొదటినుంచి చెప్పండి" అని అడుగుతాను. అప్పుడు బయటపడుతుంది నూనె సంగతి.

పెద్దవాళ్లు ఎందుకు వేస్తారంటే, పసివాళ్ల ముక్కు గురగురలాడుతుంది కాబట్టి. వాళ్ల ముక్కు దారి సన్నం, మొదటి నెలల్లో ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు, అందుకే ఆ చప్పుడు. బాగా పాలు తాగుతూ, హాయిగా నిద్రపోతుంటే అది జలుబు కాదు, ఏమీ చెయ్యక్కర్లేదు. నిజంగా ముక్కు మూసుకుపోయి పాలు చీకలేకపోతుంటే మందుల షాపులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు దొరుకుతాయి. పాలు పట్టే ముందు ఒక్కో పక్క ఒకటి రెండు చుక్కలు చాలు. ఊదడం వద్దు, మన నోట్లో క్రిములు నేరుగా బిడ్డకు పోతాయి. చెవుల్లో కూడా నూనె వద్దు.

తేనె, వస కూడా మానాలి. తేనెలో బొటులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మన కడుపులో అవి ఏమీ చెయ్యలేవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మెడ వాలిపోతుంది, ఏడుపు సన్నబడుతుంది, పాలు చీకే బలం పోతుంది. అరుదైన జబ్బే, కానీ వచ్చిన బిడ్డకు ఒక్కోసారి వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది. ఇక వస నాకిస్తే మాటలు తొందరగా వస్తాయంటారు. వస నూనెలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో క్యాన్సర్ తెచ్చిందని అమెరికాలో 1968లోనే వసను ఆహారపదార్థాల్లో వాడకుండా నిషేధించారు. అసలు మాటలు వచ్చేది మాటలు వింటేనే. వస అరగదీసే ఆ కాసేపూ మీ అత్తగారు మనవడిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని కళ్లలోకి చూస్తూ కబుర్లు చెబితే వాడికి అంతకన్నా కావలసింది లేదు. ఏడాదిన్నర వచ్చినా ఒక్క మాట కూడా రాకపోతే చెవి పరీక్ష చేయించాలి. వస మీద నమ్మకంతో ఆ పరీక్షను రెండేళ్లు, మూడేళ్లు వాయిదా వేసిన ఇళ్లు నాకు తెలుసు. అదే నా అసలు బాధ.

ఇంగువ రాసుకోనివ్వండి. బొడ్డు ఊడి పుండు లేకుండా ఆరితే పైన రాసినందువల్ల నష్టం లేదు. నోట్లో మాత్రం పెట్టకూడదు. సాంబ్రాణి పొగ వద్దు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే. జుట్టు మెత్తటి తువ్వాలుతో తుడిస్తే ఆరిపోతుంది. మీరు రాయలేదు కానీ ఇంకోటి కూడా చెబుతాను. పుట్టిన బిడ్డ రొమ్ములు కొంచెం ఉబ్బి ఉంటే పాలు తీయాలని పిండుతారు. తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన వాపు అది, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. పిండితే చీము పడుతుంది.

అన్నీ ఒకేసారి వద్దంటే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటారు. నూనెతో ఒళ్లు మర్దనా మంచిదే, అది పూర్తిగా ఆవిడకే అప్పగించండి. టీకాకి వెళ్లేటప్పుడు ఆవిడను కూడా వెంటబెట్టుకుని వెళ్లి, ముక్కులో నూనె గురించి డాక్టరు చేత చెప్పించండి. కోడలు చెబితే ఎదురుచెప్పినట్టు ఉంటుంది, డాక్టరు చెబితే వింటారు.

ప్రశ్న: పద్నాలుగు నెలల మా పాపకి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. మా మామగారు పరుగున బీరువా తాళాలగుత్తి తెచ్చి గుప్పిట్లో పెట్టారు. నిమిషంలో తగ్గింది. ఇనుముకి నిజంగా ఆ గుణం ఉందా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: లేదండీ. జ్వరంతో వచ్చే ఫిట్స్ ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో వస్తాయి. చాలావరకు ఐదు నిమిషాల లోపే, ఎక్కువమందికి ఒకటి రెండు నిమిషాల్లోనే ఆగిపోతాయి. తాళాలు ఎక్కడున్నాయో వెతికి, తెచ్చి, బిగుసుకున్న వేళ్లు విప్పి పెట్టేసరికి ఫిట్స్ ఆగే సమయం అవుతుంది. పేరు తాళాలకు వస్తుంది. కొన్ని ఇళ్లలో ఉల్లిపాయ వాసన చూపిస్తారు, కొన్నిచోట్ల చెప్పు. వాటికీ ఇలాగే పేరొచ్చింది.

తాళాలు పట్టుకున్నంత మాత్రాన పాపకు హాని లేదు. ఆ కంగారులో చెయ్యాల్సినవి చెయ్యకపోవడమే హాని. పాపను నేల మీదో మంచం మీదో పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో నురగ, వాంతి ఉంటే బయటకు పోతాయి. మెడ దగ్గర బట్టలు వదులు చెయ్యాలి. పళ్ల మధ్య చెంచా, తాళంచెవి, వేలు, ఏదీ దూర్చకూడదు. నీళ్లు, మందు పొయ్యకూడదు. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమిపట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, టైం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. ఆ టెన్షన్‌లో ఒక్క నిమిషం పది నిమిషాల్లా అనిపిస్తుంది. అందుకే మీ మామగారికి ఈసారి గడియారం అప్పజెప్పండి. "మామయ్యా, టైం చూస్తూ ఉండండి" అంటే ఆయన చేతికి పని దొరుకుతుంది, ఆస్పత్రిలో మాకు కావలసిన సమాచారమూ దొరుకుతుంది. ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీస్తే మరీ మంచిది.

మొదటిసారి ఫిట్స్ వస్తే ఆగిపోయినా సరే అదే రోజు డాక్టరుకు చూపించాలి. మెదడువాపు లాంటిది కాదని తేల్చుకోవాలి. ఒకసారి వచ్చినవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికి మళ్లీ వస్తుంది. పారాసిటమాల్ జ్వరం తగ్గిస్తుంది, పాపకు సుఖంగా ఉంటుంది, కానీ ఫిట్స్ రాకుండా ఆపుతుందని నమ్ముకోకండి. ఎక్కువమంది పిల్లలకు ఐదారేళ్లు వచ్చేసరికి ఈ బాధ పూర్తిగా పోతుంది. చదువులో, తెలివిలో ఏ లోటూ ఉండదు. ధైర్యంగా ఉండండి.

ప్రశ్న: గవదబిళ్లలు వస్తే మా అమ్మ తన బంగారు గొలుసు నా మెడలో వేసింది. నా పిల్లలకు నేనూ వేశాను. వారంలో తగ్గాయి. ఇప్పుడు ఎనిమిదేళ్ల మనవడికి వేస్తానంటే అల్లుడు నవ్వుతున్నాడు. తప్పేమిటమ్మా?
– ఒక అమ్మమ్మ, తణుకు

జవాబు: తప్పేమీ లేదమ్మా, వెయ్యండి. బంగారానికి వైరస్‌ను తగ్గించే శక్తి లేదు, గవదబిళ్లలు వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. కానీ మీ గొలుసు ఒక మంచి పని చేసింది. మెడలో బంగారం ఉన్న పిల్లవాడిని వీధిలోకి ఎవరూ వదలరు. బడికి పంపరు. వాపు మొదలయ్యాక ఐదు రోజులపాటు ఈ జబ్బు ఇంకొకరికి అంటుకుంటుంది కాబట్టి ఇంట్లో కూర్చోబెట్టడమే కావలసింది. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం తీసెయ్యండి.

చెంపకి సున్నం రాయకండి, చర్మం పొక్కుతుంది. పులుపు పెట్టకండి, లాలాజలం ఊరితే నొప్పి పెరుగుతుంది. మెత్తటి అన్నం, మజ్జిగ, పారాసిటమాల్ సరిపోతాయి. తలనొప్పితో ఆగకుండా వాంతులైనా, చెవి వినపడకపోయినా, మగపిల్లలకు వృషణాల్లో వాపు, నొప్పి వచ్చినా వెంటనే చూపించాలి. అల్లుడిగారితో ఒక మాట చెప్పండి. ప్రభుత్వం తొమ్మిది నెలలకు, మళ్లీ 16–24 నెలల మధ్య ఇచ్చే ఎంఆర్ టీకాలో తట్టు, రుబెల్లాకు మాత్రమే రక్షణ ఉంది, గవదబిళ్లలకు లేదు. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే వాళ్లకు గవదబిళ్లలకు కూడా పనిచేసే ఎంఎంఆర్ టీకా గురించి పిల్లల డాక్టరును అడగమనండి.

ప్రశ్న: మా కాలనీకి గాడిదను తోలుకొచ్చి అక్కడికక్కడే పాలు పిండి అమ్ముతున్నారు. పట్టిస్తే కోరింత దగ్గు, ఉబ్బసం రావంటున్నారు. బాబుకి ఐదో నెల. మా అమ్మానాన్నలు పట్టమంటున్నారు.
– ఒక తల్లి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: గాడిద పాలు తల్లిపాలకు దగ్గరగా ఉంటాయన్న మాటలో కొంత నిజం ఉంది. లాక్టోజ్ అనే పాల చక్కెర ఎక్కువ, కేసిన్ అనే ప్రొటీన్ తక్కువ. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పారిస్‌లో దిక్కులేని శిశువుల ఆస్పత్రిలో గాడిదలను పెంచి ఆ పాలే పట్టారు. పాలిచ్చే తల్లి దగ్గర లేని పిల్లల కోసం. మీ బాబుకి మీరున్నారు. ఆరు నెలలు నిండేదాకా వాడికి మీ పాలు తప్ప చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు. గాడిద పాలలో కొవ్వు బాగా తక్కువ, బిడ్డ ఎదగడానికి చాలవు. పైగా వీధిలో పిండి, కాచకుండా పట్టే పచ్చిపాలు. విరేచనాల నుంచి, పశువుల ద్వారా అంటే బ్రుసెల్లోసిస్ జ్వరం దాకా ఏదైనా రావచ్చు.

కోరింత దగ్గు నెలల పిల్లలకు చాలా ప్రమాదం. పెద్ద పిల్లల్లా కోరింత పెట్టి దగ్గరు. దగ్గుతూ దగ్గుతూ నీలంగా మారి ఊపిరి ఆపేస్తారు. దాన్ని ఆపేది ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఇచ్చే పెంటావాలెంట్ టీకా, ఆ తర్వాత 16–24 నెలలకు, ఐదారేళ్లకు వేసే బూస్టర్లు. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆ మూడూ పడ్డాయో లేదో కార్డు తీసి చూసుకోండి. పాలవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లది వాళ్ల బతుకుతెరువు. కానీ అంత డబ్బు పెట్టి కొన్నాక "బిడ్డకు రక్షణ దొరికింది" అని టీకా వాయిదా వేసేవాళ్లున్నారు. అలా చెయ్యకండి.

ప్రశ్న: తమ్ముడికి ఆటలమ్మ పోసింది. ఇంట్లో పోపు పెట్టడం మానేశారు, పక్క మీద వేపాకు పరిచారు. స్నానం చేయించకూడదు, డాక్టరు దగ్గరకు వెళ్లకూడదు అంటున్నారు. ఇదంతా మూఢనమ్మకమేనా?
– ఒక కాలేజీ అమ్మాయి, విజయనగరం

జవాబు: అంతా కాదమ్మా. నోట్లో కూడా పొక్కులొస్తాయి, కారం, వేడి తగిలితే మంట. పోపు లేని చప్పటి తిండి, పెరుగన్నం హాయిగా ఉంటాయి. వేపరెమ్మతో మెల్లగా రాసుకుంటే గోళ్లతో గీరుకోవడం తగ్గుతుంది. ఈ రెండింటి జోలికి వెళ్లి నాన్నమ్మతో గొడవ పడకు. స్నానం మాత్రం గోరువెచ్చటి నీళ్లతో రోజూ చేయించాలి. లేకపోతే పొక్కుల్లో చీము పడుతుంది. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. గోళ్లు కత్తిరించాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్ ఇవ్వకూడదు, దానివల్ల రే సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఐబుప్రోఫెన్ కూడా వద్దు.

పొక్కులన్నీ పక్కు కట్టేదాకా ఇది అంటుతుంది. ఇంట్లో గర్భిణి, పురిటి బిడ్డ, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడేవాళ్లు ఉంటే దూరంగా ఉంచాలి. తమ్ముడికి పన్నెండేళ్లు దాటితే మొదటి రోజే డాక్టరుకు చూపించండి, ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు 24 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం, మగత, ఆగని వాంతులు ఉంటే ఏ వయసైనా ఆలస్యం వద్దు. దండం పెట్టుకునే వెళ్లండి.

చిన్న ప్రశ్నలు కొన్ని కలిపి:

కంటికురుపుకి వేలు అరచేతిలో రుద్ది వేడి చేసి పెడుతున్నారు (ఏలూరు): కురుపుకి కాపడం మంచిదే. వేలు బదులు వేడినీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ పది నిమిషాలు పెట్టండి, రోజుకి మూడు నాలుగుసార్లు. చిదమకండి.

ఎక్కిళ్లకి నుదుటి మీద తడిపిన దారం పోగు అంటిస్తున్నారు (మిర్యాలగూడ): అంటించనివ్వండి. ఆ పోగు నోట్లోకి పోకుండా చూసుకోండి, అంతే.

దగ్గుకి కొండనాలుక దిగిందని మాడు మీద జుట్టు పట్టి లాగుతున్నారు (కావలి): వద్దు, నొప్పి తప్ప లాభం లేదు. ఉప్పూ మిరియాలూ వేలికి అద్ది గొంతులో నొక్కడం ఇంకా ప్రమాదం.

జలుబుకి చెంచాడు బ్రాందీ (భీమవరం): ఒక్క చుక్క కూడా వద్దు. పసిపిల్లల రక్తంలో చక్కెర పడిపోతుంది, ఫిట్స్ వస్తాయి.

మా అమ్మ ఇండియా నుంచి కాటుక, కర్పూరం తెచ్చింది (డాలస్): కాటుకలో సీసం ఉండొచ్చు, అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అమెరికా ప్రభుత్వం దాన్ని అనుమతించదు కూడా. దిష్టిచుక్క కావాలనుకున్నా అరికాలికి కూడా ఆ కాటుక వద్దు, ఆ కాలే నోట్లో పెట్టుకుంటారు. కర్పూరం అంతకన్నా భయం. పాకే పిల్లలు చిన్న బిళ్ల మింగినా కొద్ది నిమిషాల్లో ఫిట్స్ వస్తాయి. కొబ్బరినూనెలో కరిగించి ఛాతీకి రాయడం, మూటకట్టి వాసన చూపించడం మానండి. పూజ గదిలో కూడా చెయ్యి అందని చోట పెట్టండి. మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ప్రశ్న: మాది ఏజెన్సీ గ్రామం. పసిపిల్లలకు డొక్కలు ఎగరేస్తుంటే పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద వాతలు పెడుతున్నారు. ఆస్పత్రికి రమ్మంటే "రేపు చూద్దాం" అంటారు. ఏం చెప్పి ఒప్పించాలి?
– ఒక ఆశా కార్యకర్త

జవాబు: చెల్లెమ్మా, అలాంటి బిడ్డను నేను కాకినాడలో పీజీ చేసే రోజుల్లో మొదటిసారి చూశాను. బొడ్డుకి రెండు పక్కలా చిటికెనవేలి గోరంత నల్లటి మచ్చలు, వరసగా. ఒకటి రెండు చోట్ల తోలు ఊడి ఎర్రగా ఉంది. వచ్చింది న్యుమోనియాతో. "వాత పెట్టగానే లేచి ఏడ్చింది, నయమైందనుకున్నాం" అంది అమ్మమ్మ. ఈ వాడుక ఇంకా బతికి ఉండటానికి కారణం ఇదే. ఊపిరి అందక మగతగా పడున్న బిడ్డ కాల్చగానే కెవ్వుమంటుంది. ఆ ఏడుపు చూసి ప్రాణం వచ్చిందనుకుంటారు. అది నొప్పికి ఏడ్చిన ఏడుపు. లోపల జబ్బు అలాగే ఉంటుంది, ఆ రోజూ మర్నాడూ చేతులారా పోగొట్టుకుంటారు. మీరు ఊళ్లో చెప్పాల్సింది ముందుగా ఇదే. "తప్పు చేశారు" అనొద్దు. "అది నయమైన ఏడుపు కాదు, నొప్పి" అనండి.

రెండోది, ఊపిరి లెక్కపెట్టడం తల్లులకు నేర్పండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి పొట్ట లేచి దిగడాన్ని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. అంతకు చేరినా దాటినా అదే రోజు చూపించాలి. డొక్కలు లోపలికి లాగుతున్నా, పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, మూలుగుతున్నా లెక్కతో పనిలేదు, 108 పిలవండి. దారిలో తల్లి ఒంటికి ఆనించి కప్పి తీసుకురమ్మనండి. చల్లబడితే పసిబిడ్డ తట్టుకోలేదు.

మూడోది, వాతలు పెట్టే పెద్దాయన్ని దూరం చేసుకోకండి. బిడ్డను కాల్చడం నేరమే, ఆ సంగతి ఆయనకు తెలియాలి. కానీ పోలీసుల పేరు చెప్పి బెదిరిస్తే వాతలు చాటుగా పెడతారు, మీకు కబురు కూడా అందదు. ఆ ఊళ్లో ఏ బిడ్డకు డొక్కలు ఎగరేసినా మొదట తెలిసేది ఆయనకే. కూర్చుని మాట్లాడండి. మంత్రం వేసుకోమనండి, విభూతి పెట్టుకోమనండి, నిప్పు మాత్రం వద్దనండి, బిడ్డను ముందు మీ దగ్గరకు పంపమనండి. వాత పెట్టినట్టు మీకు తెలిస్తే పుండు మీద పసరు, పేడ, పేస్టు రాయనివ్వకుండా శుభ్రమైన గుడ్డ కప్పి, ఆస్పత్రిలో ఆ సంగతి మీరే చెప్పండి, భయంతో తల్లి చెప్పకపోవచ్చు. వచ్చే టీకాల రోజున పీహెచ్‌సీ డాక్టరును ఆ పెద్దాయన ఇంటికి తీసుకెళ్లగలరేమో అడిగి చూడండి. ఏం జరిగిందో నాకు రాయండి, వచ్చే సంచికలో వేద్దాం.